ఆయుర్వేదం సీటుకి నేనిచ్చిన తప్పుడు సలహాలు

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ ఆయుర్వేద వైద్యుడిగా పనిచేశాను. అందులో చివరి ఇరవై రెండేళ్ళు అరకులోయ దగ్గర ఒక కొండ ఊరి డిస్పెన్సరీలోనే గడిచాయి. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళకి నా మీద ఇంకా కాస్త గౌరవం మిగిలి ఉంది. ఇది చదివితే అది కూడా పోతుంది.

నీట్ రాసి, వచ్చిన మార్కులు చూసుకుని, ఎంబీబీఎస్ రాదని తేలాక ఆయుర్వేద డిగ్రీ బి.ఎ.ఎం.ఎస్.లో చేరాలా వద్దా అని కొట్టుమిట్టాడే పిల్లలు ఈమధ్య నాకు ఫోన్ చేస్తున్నారు. "సార్, మీ అనుభవంతో ఒక మాట చెప్పండి" అంటారు. నా అనుభవంతో ఒక అమ్మాయికి మూడు మాటలు చెప్పాను. మూడూ తప్పే. ఆ సంగతంతా ఒకచోట రాసి పెడితే ఫోన్ చేసిన ప్రతివాళ్ళ ముందూ మళ్ళీ మళ్ళీ సిగ్గుపడక్కర్లేదు కదా అని ఈ ప్రయత్నం.

నేను డాక్టర్నైన విధం

నాకూ ఎంబీబీఎస్సే కావాలి. ప్రవేశ పరీక్షలో కొద్దిలో పోయింది. ఆయుర్వేదం సీటు వచ్చింది. మా నాన్న విజయనగరం వైపు ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. "మీ వాడేం చదువుతున్నాడండీ?" అని ఎవరైనా అడిగితే "డాక్టరీ" అని ఊరుకునేవారు. ఆయన అబద్ధం చెప్పలేదు, పూర్తి నిజమూ చెప్పలేదు. ఆ విద్య ఆయన దగ్గర బాగా నేర్చుకున్నాను. నా పెళ్ళి శుభలేఖ మీద పేరుకి ముందు డాక్టర్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. డిగ్రీ ఏమిటో భూతద్దం పెట్టి వెతికినా కనబడదు.

అరకులో చేరిన కొత్తలో స్టెతస్కోపు మెడలో వేసుకునే బస్సెక్కేవాణ్ణి. ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాన్ని తడుముకుంటూ ఎక్కాను. డిస్పెన్సరీ ముందు "ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల" అన్న బోర్డు మాత్రం తప్పించుకోలేని సైజులో ఉండేది. దాని కిందనుంచి రోజూ తల వంచుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి. గుమ్మం పొట్టిది కాబట్టి వంచుతున్నానని జనం అనుకునేవారు.

లోపల నాతో పాటు పనిచేసిన మనిషి అప్పలస్వామి. పాచిపెంట వాడు. మందులిచ్చే ఉద్యోగం. నాకన్నా వయసులో చిన్న, బుద్ధిలో పెద్ద. ఆ రెండో విషయం నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

తీగ పీకించిన ఘనత

చేరిన రెండో నెలలో మా జిల్లా అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, కోపిష్టి అని పేరు. ఆవరణంతా శుభ్రం చేయించాను. కంచె పట్టుకుని ఒక పిచ్చి తీగ దట్టంగా అల్లుకుని ఉంటే, దాన్ని వేళ్ళతో సహా పీకించి కుప్ప పెట్టించాను.

ఆయన వచ్చారు. రిజిస్టర్లు చూడలేదు. నేరుగా కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"ఇక్కడ పిప్పలి ఉండాలే?"

నేను పీకించిన తీగల కుప్ప వైపు చూశాను. వెనక అప్పలస్వామి మెల్లగా దగ్గాడు.

"నేనిక్కడ పనిచేసినప్పుడు నా చేత్తో వేశాను" అన్నారాయన. తర్వాత అల్మారా తెరిచి త్రికటు చూర్ణం డబ్బా తీసి నా ముందు పెట్టారు. "ఇందులో ఏముంది?"

"శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సార్."

"చెప్పావు. డబ్బా మీద బొమ్మ వెయ్యరు కదా, తీగ చూస్తే నీకెలా తెలుస్తుందిలే."

అంతే అన్నారు. మెమో ఇచ్చినా బాగుండేది. శుక్రవారం సంతలో ఆడవాళ్ళు బుట్టల్లో పోసి అమ్మేది ఆ పిప్పళ్ళేనని, చుట్టుపక్కల కొండల మీద జనం పండించేది అదేనని అప్పుడు తెలిసింది. నేను ఎక్కడో తయారై లారీలో వచ్చిన పొడిని, అది పండించినవాళ్ళకే పొట్లం కట్టి ఇస్తున్నాను.

ఆ అవమానంతో నాలో పౌరుషం పుట్టింది. ఇకనుంచి అసలు సిసలు ఆయుర్వేద వైద్యుణ్ణి అయిపోవాలనుకున్నాను. చదువు లేకుండా వచ్చిన పౌరుషం అది. నా మొత్తం సర్వీసులో పెద్ద తప్పు దానివల్లే జరిగింది.

చిలకమ్మ జ్వరం

కొర్రా చిలకమ్మ మా డిస్పెన్సరీకి పైన ఉన్న గూడెంలో ఉండేది. వాళ్ళాయన కాఫీ తోట చూసుకునేవాడు. నేను చేరిన మూడో ఏడాది ఒళ్ళో నెలల పిల్లతో వచ్చింది, తల్లి ఒళ్ళు కాలిపోతోంది, వణుకుతోంది. నేను నాడి పట్టుకుని, కళ్ళు మూసుకుని, గంభీరంగా సుదర్శన చూర్ణం రాశాను.

అప్పలస్వామి పక్కకి పిలిచాడు. "సార్, ఇది సలి జరం సార్. ఈ కొండల్లో సలి జరమంటే ముందల రగతం సూపించాల."

"శాస్త్రం నువ్వు చెప్తావా నాకు?" అన్నాను.

అతను వెళ్ళి పొట్లం కట్టాడు. మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. మోతాదు పెంచాను. మూడో రోజు కషాయం కూడా కలిపాను. నాలుగో రోజు ఉదయం నేను వెళ్ళేసరికి డిస్పెన్సరీ తలుపు తీసి ఉంది, అప్పలస్వామి లేడు. తెల్లారగానే గూడేనికి వెళ్ళి, స్పృహ లేకుండా పడి ఉన్న చిలకమ్మని జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడట. నన్ను అడగలేదు. అడిగితే నేనేమనేవాణ్ణో అతనికి తెలుసు.

మలేరియా. మెదడుకి ఎక్కేది. నేను వెనకే బస్సులో వెళితే, ఇంకొక పూట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు నా మొహం మీదే చెప్పింది. నేను స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నాను. జేబులో పట్టలేదు, సగం వేలాడుతూనే ఉంది.

చిలకమ్మ బతికింది. ఇంటికి చేరాక వాళ్ళ గూడేనికి నడిచి వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారంతా అనుకున్నాను కానీ అక్కడ ఒక్క ముక్కే వచ్చింది. "తప్పు నాదమ్మా. మొదటి రోజే పంపించాల్సింది." చిలకమ్మ నన్ను ఎగాదిగా చూసి అరుగు మీద కూచోమంది. రాగి అంబలి ఇచ్చింది.

కుర్రాళ్ళకి ఇక్కడ ఒక మాట. ఆయుర్వేదం మంచిదా అల్లోపతి మంచిదా అని వాదించేవాళ్ళని దూరం పెట్టండి. మీకు ఏది తెలియదో మీకు తెలియడమే ఈ వృత్తిలో సగం. ఆ సగం నాకు అప్పలస్వామి నేర్పాడు.

కానీ నేను అదీ సరిగ్గా నేర్చుకోలేదు. ఆ భయంతో తర్వాత ప్రతి రోగికీ పెద్దాసుపత్రికి చీటీ రాసేవాణ్ణి. జలుబుకి చీటీ, కాల్లో ముల్లు గుచ్చుకుంటే చీటీ. జనం నన్ను చీటీ డాక్టరు అనేవారు. ఈ చదువు ఎందుకూ పనికిరాదని లోపల ఒక నిర్ణయానికి వచ్చేశాను. పనికిరానిది చదువు కాదు, నేను సరిగ్గా చదవలేదు. ఆ రెంటికీ తేడా ఉందన్న సంగతి నాకు తోచలేదు.

మొదటి సలహా

చిలకమ్మ ఒళ్ళో ఉన్న ఆ పిల్ల పేరు సువార్త. చర్చిలో పాస్టరు పెట్టిన పేరు. గురుకులంలో చదివి, ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, నీట్ రాసింది. ఒకరోజు తల్లీకూతుళ్ళిద్దరూ మార్కుల కాగితం పట్టుకుని వచ్చారు. నా రిటైర్మెంటుకి అప్పటికి ఏడాదిన్నర ఉంది.

"డాక్టర్ గారూ, ఈ మార్కులకి ఆయుర్వేదం సీటొస్తాదాండీ?" అంది సువార్త.

చూశాను. ఎస్టీ కోటాలో అర్హత దాటింది. ఎంబీబీఎస్‌కి చాలదు. ఆయుర్వేదానికి బాగానే సరిపోతుంది.

"ఆయుర్వేదం ఎందుకమ్మా నీకు?"

"మీరు రిటైరైపోతారు కదండీ. నా సదువయ్యేసరికి ఆ కుర్చీ కాళీగా ఉంటాది. ఊళ్ళో ఉద్యోగం, ఇంటికాడ ఉండొచ్చు."

ఒక పక్క చేయి ఊడి, తాడుతో కట్టిన నా కుర్చీని అంత ఆశగా చూసిన మనిషి అంతకుముందు లేదు. నేను నవ్వేశాను. తర్వాత పెద్దరికం తెచ్చుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. నీలాంటి తెలివైన పిల్ల ఇందులోకి రాకూడదు, ఒక్క ఏడాది కష్టపడి మళ్ళీ రాస్తే ఎంబీబీఎస్ కొట్టేస్తావు, ఆయుర్వేదం అంటే మిగిలిపోయినవాళ్ళు చేరేది అన్నాను.

"మరి మీరు చేరారు కదండీ?" అంది ఆ పిల్ల. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

"అందుకే చెప్తున్నాను."

అప్పలస్వామి పొట్లాలు కట్టడం ఆపాడు. "అదేటి సార్ అలగంతారు? ఆ గుంటకి ఇష్టమైతే సేరనీండి."

"నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూడండి.

చిలకమ్మ కూతురి భుజం మీద తట్టింది. "డాక్టర్ బాబే సెప్తన్నారు గదే. ఇనుకో."

సువార్త విన్నది. ఆయుర్వేదానికి దరఖాస్తు పెట్టలేదు. ఉచిత కోచింగుకి ఎంపికై విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఏడాదంతా చదివింది. ఆ ఏడాదే, ఆమెకన్నా తక్కువ మార్కులు వచ్చిన పెదబయలు అమ్మాయి ఒకామె ఆయుర్వేదం సీటు తెచ్చుకుని చేరిపోయింది. ఆ సంగతి నాకు అప్పలస్వామి చెప్పాడు. చెప్పి, నా మొహం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

రెండోసారి గూడెం ఎక్కడం

రెండో ఏడాది ఫలితాలొచ్చాయి. సువార్త మా దగ్గరికి రాలేదు. వారం చూసి అప్పలస్వామిని అడిగాను.

"మార్కులు తగ్గీసినాయంట సార్. పరీచ్చ ముందర జరమొచ్చిందంట. ఆ గుంట ఇంట్లోంచి బయటికి రావట్లేదు."

ఆ రోజు డిస్పెన్సరీ మూసేశాక గూడెం ఎక్కాను. మోకాళ్ళ నొప్పులు. నా మందు నేను వేసుకోను కాబట్టి తగ్గలేదు. చిలకమ్మ అరుగు మీద కూచుని మిరియాలు ఏరుతోంది. సువార్త లోపలే ఉంది.

"చిలకమ్మా, తప్పు నాదే" అన్నాను. "పోయినేడు చేరనిచ్చి ఉంటే ఈపాటికి ఒక ఏడాది చదివేసేది."

చిలకమ్మ మిరియాల చేట కింద పెట్టింది. "ఇది రెండోసారి బాబూ."

"ఏది?"

"మీరు మా ఇంటికొచ్చి తప్పు నాదనడం. అప్పుడు నా జరవప్పుడు వచ్చారు, ఇప్పుడు వచ్చారు." అంది. "ఇన్నాళ్ళూ మీకాడికే ఎందుకొస్తన్నావని మాయాయన అడుగుతాడు. ఈ కొండ మీదకి ఆఫీసర్లు సానామంది వచ్చారు. తప్పు సేసీసి, అది సెప్పడానికి నడిసొచ్చినోళ్ళు మీరొక్కలే అంతాను."

నా సర్వీసుకి దొరికిన యోగ్యతాపత్రం అదొక్కటే. దాన్ని ఫ్రేము కట్టించుకోలేం.

అప్పుడు సువార్త బయటికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఈ మార్కులకైనా వస్తాదాండీ?" అంది. నన్ను తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది.

కాగితం చూశాను. అర్హత దాటింది గానీ అంచు మీద ఉంది. సీటు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మూడో ఏడాది కోచింగుకి పంపే ఓపిక వాళ్ళకి లేదు. ఇప్పుడు రాకపోతే తోటలో పనే అని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు.

"ఈసారి అంతా నేనే దగ్గరుండి చూసుకుంటాను" అన్నాను. ఇంతకన్నా ప్రమాదకరమైన మాట నేను నా సర్వీసులో అనలేదు.

రెండో సలహా, మూడో సలహా

ఎంబీబీఎస్‌కి పెట్టిన దరఖాస్తే ఆయుర్వేదానికీ సరిపోతుందని నా నమ్మకం. అప్పలస్వామి వాళ్ళ మేనకోడలి ద్వారా కనుక్కుని, రెండూ వేరువేరు నోటిఫికేషన్లని, ఆయుర్వేదం వగైరా ఉన్న ఆయుష్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలని చెప్పకపోతే అక్కడే అయిపోయేది. గడువుకి రెండు రోజుల ముందు అరకులో నెట్ సెంటరుకి పరిగెత్తాం. ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ సువార్త ఒక ప్లాస్టిక్ కవర్లో వరసగా సర్దుకుని వచ్చింది. నేను తెచ్చింది నా కళ్ళజోడు ఒక్కటే.

ఫోన్ నంబర్ దగ్గర ఆమె తన నంబరు చెప్పబోతే నేను ఆపాను. "నాది ఇవ్వు. పెద్దవాళ్ళ నంబరుంటే మంచిది." అది రెండో సలహా.

తర్వాత కాలేజీల ఎంపిక వచ్చింది. ఎన్ని కాలేజీలైనా ఇష్టాన్ని బట్టి వరసగా పెట్టుకోవచ్చు. పైది దొరికితే పైది, లేకపోతే కిందది చూస్తారు. నేను రెండే పెట్టించాను. ఒకటి నేను చదివిన కాలేజీ, రెండోది నాకు రాకపోయిన కాలేజీ. మిగతావన్నీ నా దృష్టిలో కాలేజీలు కావు. అది మూడో సలహా.

మొదటి విడతలో సీటు రాలేదు.

సువార్త స్క్రీన్ మీద ఆ ముక్క రెండుసార్లు చదివి నా వైపు తిరిగింది. "మిగిలినవి ఎందుకు పెట్టలేదండీ?"

"అవి అంత మంచివి కాదమ్మా."

"మీకాండీ, నాకాండీ?"

నెట్ సెంటర్ నడిపే అతను తల వంచుకుని నవ్వుకున్నాడు. నేను లేచి నా కుర్చీ ఆమెకిచ్చాను. ఇన్నాళ్ళలో నేను చేసిన మొదటి సరైన పని అది. "ఇంక నువ్వే చూసుకో. నేను రాను" అన్నాను.

రెండో విడతకి ఆమె ఒక్కతే వెళ్ళింది. రాష్ట్రంలో ఉన్న కాలేజీలన్నీ వరసగా పెట్టుకుంది. చివరి రోజు సాయంత్రం అయిదుకి గడువు. అన్నీ పూర్తిచేసి, ఖరారు చేసే మీట నొక్కితే, ఓటీపీ కావాలంది కంప్యూటరు. ఓటీపీ వెళ్ళేది నా ఫోనుకి. నేనున్నది డిస్పెన్సరీలో. అక్కడ సిగ్నల్ ఉండదు.

నాలుగు గంటలకి ఎవరో జీపు డ్రైవరు కబురు మోసుకొచ్చాడు. "సువార్త మిమ్మల్ని బేగి ఫోను అందే సోటికి రమ్మంది." మా ఊళ్ళో ఫోను అందేది చర్చి కొండ మీదే. అప్పలస్వామి బండి తీశాడు. సగం దాకా బండి మీద, మిగతా సగం కాళ్ళ మీద ఎక్కాం. పైకి చేరేసరికి నా ఊపిరి నాకు వినబడుతోంది. ఫోనులో అంకెలొచ్చాయి. అవి గంట కిందటివి, కాలం చెల్లినవి అన్నాడు అప్పలస్వామి చూసి.

ఆమెకి ఫోన్ చేశాను. బిజీ. మళ్ళీ చేశాను. బిజీ.

"సార్, ఆపండి సార్!" అని అరిచాడు అప్పలస్వామి. "మీరు దానికి సేత్తన్నారు, అది మీకు సేత్తంది. ఎలగ కలుస్తాది? మీరు సేతులు కట్టుకుని కూకోండి!"

కూర్చున్నాను. ఫోన్ మోగింది. "ఇప్పుడు నొక్కుతున్నానండీ, రాగానే చెప్పండి" అంది సువార్త. అంకెలొచ్చాయి. కంగారులో కళ్ళజోడు డిస్పెన్సరీలో వదిలేశాను. అప్పలస్వామి ఫోను లాక్కుని ఒక్కొక్క అంకె గట్టిగా చదివాడు, రెండోసారి మళ్ళీ చదివాడు. అటువైపు మీటలు నొక్కుతున్న చప్పుడు. తర్వాత "అయిపోయిందండీ" అంది సువార్త, చిన్న గొంతుతో. గడువుకి ఇంకా పావుగంట ఉంది.

నాలుగు రోజుల తర్వాత సీటొచ్చింది. ఆమె పెట్టిన వరసలో చివరినుంచి రెండోది. నేను కాలేజీ కాదని కొట్టిపారేసినవాటిలో అదొకటి.

చెల్లని సంతకం

చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాగితాల్లో ప్రభుత్వ వైద్యుడు సంతకం చేసిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒకటి. నేను ప్రభుత్వ వైద్యుణ్ణే. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. సువార్తని ఎత్తు కొలిచి, బరువు చూసి, కళ్ళు, గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, నా అందమైన చేతిరాతతో రాసి, స్టాంపు వేసి ఇచ్చాను. ఆమె కవర్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే అప్పలస్వామి బండెక్కి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడి ఎంబీబీఎస్ కుర్రడాక్టరు దగ్గర అదే సర్టిఫికెట్ ఇంకొకటి రాయించుకున్నాను. "ఎందుకు సార్, మీరే ఇవ్వొచ్చు కదా?" అన్నాడతను. "ఉంటే మంచిది" అన్నాను. మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు సంతకాలు పెట్టిన మనిషిని, నా సంతకాన్ని నేనే నమ్మలేదు.

రైల్లో కొండ దిగి, విశాఖలో ఇంకో రైలు మారి, మర్నాడు ఉదయానికి ఆ కాలేజీ చేరాం. నేను, చిలకమ్మ, సువార్త. కౌంటర్ దగ్గర గుమాస్తా కాగితాలన్నీ టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, నా సర్టిఫికెట్ దగ్గర ఆగాడు.

"ఇది చెల్లదమ్మా. గవర్నమెంట్ డాక్టరు సంతకం కావాలి."

"గవర్నమెంట్ డాక్టరేనండీ. ఈయనే" అని నన్ను చూపించింది సువార్త.

గుమాస్తా నన్ను చూసి మొహమాటపడ్డాడు. "అది కాదు సార్, ఏమనుకోకండి. ఇది ఆయుర్వేదం స్టాంపు. అసలు డాక్టరుది కావాలి."

అతను చెడ్డవాడు కాదు. నేను నా గురించి ఇన్నేళ్ళూ అనుకున్నదే అతను పైకి అన్నాడు. నా చెయ్యి దానంతటదే లోపలి జేబులోకి వెళ్ళింది.

సువార్త ఆ చెయ్యి చూసింది. చూసి, గుమాస్తా వైపు తిరిగింది.

"ఇది ఆయుర్వేదం కాలేజీ కదండీ?"

"అవునమ్మా."

"నేనిక్కడ అయిదున్నరేళ్ళు చదివాక నా సంతకం కూడా చెల్లదాండీ? చెల్లకపోతే ఇప్పుడే చెప్పండి. ఇంటికెళ్ళిపోతాం."

కౌంటర్ ముందున్న పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఇటు చూశారు. గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. చిలకమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది, ఆపడానికి కాదు.

వెనక గదిలోంచి ప్రిన్సిపాల్ బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి. ఏమిటని అడిగి, సర్టిఫికెట్ తీసుకుని, మొదటినుంచి చివరిదాకా చదివింది. నిబంధనల కాగితం కూడా తెప్పించుకుని చూసింది.

"ప్రభుత్వ వైద్యుడు అనే ఉంది. ఏ వైద్యుడో లేదు" అంది. "ఎక్కడ చేస్తున్నారండీ మీరు?"

చెప్పాను.

"మా దగ్గర ఈ కౌంటర్లో ఎన్నేళ్ళుగానో ఎంబీబీఎస్ సంతకమే తీసుకుంటున్నాం" అందామె. "ఎవరు మొదలుపెట్టారో తెలీదు. నేనూ అడగలేదు." సర్టిఫికెట్ గుమాస్తాకిచ్చి, "ఫైల్లో పెట్టండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

టిక్కు పడింది. నా చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

బయటికొచ్చాక సువార్త చెయ్యి చాచింది. "ఆ రెండో కాగితం ఇచ్చెయ్యండి."

"నీకెలా తెలుసు?"

"అప్పలస్వామి మావయ్య చెప్పాడు. అది బయటికి తీయనీకు, అని కూడా చెప్పాడు."

ఇచ్చాను. ఆమె దాన్ని చింపలేదు. నాలుగు మడతలు పెట్టి, కింద నేల మీద కూర్చున్న తల్లికి విసురుకోవడానికిచ్చింది. ఎండ మండిపోతోంది, మా కొండ మనుషులకి ఆ ఎండ అలవాటు లేదు. చిలకమ్మ విసురుకుంటూ నన్ను చూసి, "ఏటి బాబూ, సీటొచ్చింది గదా. ఇప్పుడేడుస్తన్నారేటి?" అంది.

చమట అన్నాను. ఆమె నమ్మినట్టు ఊరుకుంది.

ఇక చెప్పాల్సింది

ఇందులోకి రాబోయే పిల్లలూ, నా దగ్గర మీకు పనికొచ్చేది ఇంతే. ఆయుష్ నోటిఫికేషన్ వేరు, దాని కోసం వేరే కన్నేసి ఉంచండి. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. చదవగలిగిన కాలేజీలన్నీ పెట్టుకోండి, పెద్దవాళ్ళ అభిమానాలకి వరసలో చోటివ్వకండి. మిగిలిపోయి చేరుతున్నామని అనుకుంటూ చేరకండి. అలా చేరితే మిగిలిపోయినట్టే ఉండిపోతారు. దానికి నేను బతికున్న ఉదాహరణని.

నేను రిటైరయ్యాను. డిస్పెన్సరీకి ఇప్పుడు వారానికి రెండు రోజులు వేరే ఊరి డాక్టరు వచ్చి పోతున్నాడు. మిగతా రోజుల్లో అప్పలస్వామే ఎవరిని ఆపాలో, ఎవరిని పంపించాలో చూసుకుంటున్నాడు. నేనున్నప్పుడూ అంతేనని ఊరంతా అంటోంది.

నేను రిటైరై ఫోను అందే మా సొంతూరికి వచ్చేసిన నెల తిరక్కుండానే సువార్త ఫోన్ చేసింది. ఆయుర్వేద సిద్ధాంతాలు చెప్పే పదార్థ విజ్ఞానంలో ఒక శ్లోకం చదివి, "బట్టీ వచ్చేసిందండీ, అర్థం కాలేదు. మీ మాటల్లో చెప్పండి" అంది. నాకూ ఆ శ్లోకం బట్టీ వచ్చు. నలభై ఏళ్ళ కిందట పరీక్షకి బట్టీ పట్టాను. అర్థం ఏమిటని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. "ఆదివారం చెప్తాను" అని ఫోన్ పెట్టేసి, మర్నాడే విశాఖ వెళ్ళి ఆ పుస్తకం కొన్నాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్ వస్తుంది. శనివారం దాకా నేను పెన్సిలు పట్టుకుని వరండాలో చదువుతాను. మా ఆవిడ కాఫీ ఇచ్చి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంది, ఇంట్లో పరీక్షలకి చదివే పిల్లాడున్నట్టు. కొన్ని ఆదివారాలు నాకు అర్థం కానిది సువార్తే చెబుతుంది. మొదటి సంవత్సరం పరీక్షల్లో ఆమె పాసయింది. నాకెవరూ పరీక్ష పెట్టలేదు కాబట్టి నేనూ పాసయినట్టే లెక్క. ఇప్పుడు ఇద్దరం రెండో సంవత్సరంలో ఉన్నాం.